సమస్యాపూరణం: ‘రాత్రి తెల్లవారె రవియె లేక’

నిర్వాహకుడు: ఈ వారం సమస్య బడిపిల్లల కోసం. ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీరు రాయాలి. రాత్రి తిరిగే ప్రాణి ఏదో ఒకటి పద్యంలో ఉండాలి.

గణాలంటే, అంటే లఘువు (తేలిక అక్షరం), గురువు (బరువు అక్షరం) కలిసిన గుంపులంటే, పిల్లలకు టెన్షన్. అందుకే రాత్రి తిరిగే ప్రాణుల పేర్లతోనే మా ఇంట్లో మొదలుపెట్టాను. ఎలుక, పునుగు, ఎలుగు న గణాలు (మూడూ లఘువులే). నక్క, తేలు, గూబ హ గణాలు (గురువు, లఘువు). సూర్యగణాలు ఈ రెండు రకాలే. మిణుగురు నలం (నాలుగు లఘువులు), గబ్బిలం ర గణం (గురువు, లఘువు, గురువు), ఇవి ఇంద్రగణాలు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. చప్పట్లు కొడుతూ చదివిస్తే పిల్లలు తొందరగానే పట్టేస్తారు.

ఏడో తరగతి అమ్మాయి (అమ్మ టైప్ చేసింది):

వాన వెలిసె నపుడు వాగు గట్టున చెట్టు
మిణుగురులను తొడిగి మెరిసి పోయె
చిట్టి చెల్లి చూచి చేతులు చరచెను
రాత్రి తెల్లవారె రవియె లేక.

విశ్రాంత తెలుగు పండితుడు: చాలా బాగుంది తల్లీ! సమస్యను చెల్లెలి మాటగా మార్చడంతో చిక్కు దానంతటదే విడిపోయింది. ‘తొడిగి’ బదులు ‘దాల్చి’ అంటే ఇంకా పద్యభాషగా ఉంటుందేమో.

నిర్వాహకుడు: గురువుగారూ, ‘దాల్చి’ గణానికి సరిపోతుంది, కానీ నేను ఒప్పుకోలేను. గాజులు తొడుక్కునే పిల్లకు చెట్టు కూడా ఏదో తొడుక్కున్నట్టు కనిపించింది. ఆ మాట ఆమెదే, ఉండనిద్దాం. అన్నట్టు, ఇంగ్లీషులో ఫైర్‌ఫ్లై అంటారు గానీ మిణుగురు ఈగ కాదమ్మా, పెంకుపురుగు జాతి. దాని వెలుగులో వేడి దాదాపు ఉండదు.

పండితుడు: నిజమే, ‘తొడిగి’ ఉంచండి.

మన్యంలో పనిచేసే టీచరు:

గబ్బిలమ్మ లేచె కనులు నులుముకొంచు
పొద్దు గుంకగానె పూలు వెదక
మనకు నిద్ర వేళ మరి దాని కుదయమ్ము
రాత్రి తెల్లవారె రవియె లేక.

ఒక సభ్యురాలు: టీచరుగారూ, గబ్బిలానికి చూపుంటుందా? చెవులతోనే కదా దారి తెలుసుకునేది?

టీచరు: పురుగులు తినే చిన్న గబ్బిలాలు అరుపు ప్రతిధ్వనితో దారి పట్టుకుంటాయండీ. పళ్లు తినే, పూతేనె తాగే పెద్దవాటికి కళ్లు పెద్దవి, చూపుతోనూ వాసనతోనూ వెతుక్కుంటాయి. మా దగ్గర ఇప్పచెట్టు పూలు రాత్రి పూస్తాయి, వాటి పుప్పొడి మోసేది ఇవే. పిల్లలను సాయంత్రం చెట్టు కిందకు తీసుకెళ్లి చూపించాకే ఈ పద్యం రాశాను. ‘గబ్బిలం అపశకునం’ అన్న పిల్లాడు కూడా దీన్ని కంఠస్థం చేశాడు.

తొమ్మిదో తరగతి అబ్బాయి:

గుడ్లగూబ కనుల గుప్పెడు వెన్నెల
చాలు నెలుక నడక జాడ తెలియ
పగటి కునుకు తీరి రెక్కలు విప్పగా
రాత్రి తెల్లవారె రవియె లేక.

పండితుడు: ‘గుప్పెడు వెన్నెల’ చదివి కాసేపు ఆగిపోయాను నాయనా. మూడో పాదంలో యతి తప్పింది. ‘ప’కు ‘రె’ కుదరదు. రెక్కలను కాస్త వెనక్కి జరిపి చూడు.

టీచరు: నాదొక మాట బాబూ. తెల్ల మొహం గుడ్లగూబకు ఒక చెవి రంధ్రం కాస్త పైన, ఇంకోటి కిందగా ఉంటాయి. చప్పుడు రెండిటికీ ఒకేలా అందదు. ఆ తేడాతోనే చిమ్మచీకట్లో కూడా ఎలుకను పట్టేస్తుంది. వెన్నెల అక్కర్లేదు.

అబ్బాయి: వెన్నెల తీసేయాలంటే బాధగానే ఉంది సార్. కానీ టీచర్ చెప్పింది విన్నాక చెవి మీదే రాయాలనిపించింది. నేనే మార్చుకున్నాను, చూడండి.

గుడ్లగూబ చెవికి కొలది సవ్వడి చాలు
నెలుక యున్న చోటు నెఱుగుటకును
పగటి కునుకు తీరి పరచెను రెక్కలు
రాత్రి తెల్లవారె రవియె లేక.

పండితుడు: యతి కుదిరింది. ఆ వెన్నెల పాదం పారేయకు, ఇంకో పద్యానికి దాచుకో.