పులస సీడు (చేపపిల్లలు) తీసి గోదావరిలో వదిలితే మళ్లీ పెరగదా?

ఆత్రేయపురం_అల్లుడు:
మొన్న యానాం వెళ్లాను. రేవులో ఒకే ఒక్క పులస, కేజీన్నర ఉంటుందేమో. అమ్మే ఆవిడ పద్దెనిమిది వేలు చెప్పింది. బేరం కూడా ఆడకుండా వచ్చేశాను, పుస్తెల సామెత నిజం చేసేటట్టున్నానని. మా మావగారి చిన్నప్పుడు ఎర్రనీరు తగిలిందంటే వీధంతా పులుసు వాసనేనట. బొచ్చె, శీలావతి సీడు లక్షల్లో తీసి చెరువుల్లో వేస్తున్నాం కదా, పులసకీ అలాగే చేసి గోదావరిలో వదలకూడదా?

యానాం_పడవ:
అల్లుడుగారూ, శీలావతికి ఇంజెక్షన్ పొడిచి తొట్లో వేస్తే తెల్లారేసరికి గుడ్లు. పులసకి అలా కుదరదండి. చెయ్యి తగిలితే పొలుసు రాలిపోద్ది, నీళ్లలోంచి తీస్తే కాసేపటికే ప్రాణం పోద్ది. వలలో పడ్డ ఆడదాన్నీ మగదాన్నీ అక్కడికక్కడే పిండి గుడ్లు కలపాలి. రెండూ ఒకే పూట పండినవి దొరకాలి కదా.

హారిస్‌బర్గ్_శీను:
నేనుండేది పెన్సిల్వేనియాలో. ఇక్కడ షాడ్ అని పులసకి దగ్గరి చుట్టం ఉంది. అదీ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ససక్వెహన్నా నదికి ఎదురెక్కుతుంది. ముళ్లూ అంతే. (మా ఆవిడ చింతపండు పులుసు పెట్టింది. పర్లేదు, గోదావరి నీళ్లు తాగలేదు కదా దాని తప్పు కాదు.)

1928లో నది మూతికి దగ్గర్లో కొనోవింగో డ్యామ్ కట్టారు, దారి మూసుకుపోయింది. 1972లో డ్యామ్ కింద చేపల్ని పట్టే లిఫ్టు పెట్టారు, తర్వాత వాటిని లారీ ట్యాంకుల్లో పైకి తోలారు. 1976 నుంచి హేచరీలో (గుడ్లు పొదిగించే చోట) తీసిన పిల్లల్నీ వదిలారు. నాకు నచ్చింది వాళ్ల గుర్తు. పిల్లల్ని మందు కలిపిన నీళ్లలో ఉంచుతారు, అది చెవిలోని చిన్న రాయికి పడుతుంది. పెద్దయ్యాక ఆ రాయి తీసి మైక్రోస్కోపు కింద చూస్తే మెరుస్తుంది. హేచరీదో, నదిలో పుట్టిందో తేలిపోతుంది.

2001లో కొనోవింగో లిఫ్టు ఎక్కినవి 1,93,000 దాటాయి. పదేళ్లకి ఇరవై వేల దరికి పడిపోయాయి. పైన ఇంకో మూడు డ్యాములున్నాయండీ! ఆ మంచి ఏడాదిలో కూడా నాలుగోది దాటినవి పదో వంతు లేవు. నన్నడిగితే హేచరీ సెలైన్ బాటిల్ లాంటిది, తిండి కాదు.

కలకత్తా_కాకినాడ:
ఆ కింద పట్టి పైన వదిలే పని గంగ మీదా జరుగుతోంది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఇలిశ (బెంగాల్లో పులసని అలా అంటారు) అలహాబాద్ వైపు ఎక్కడం దాదాపు ఆగిపోయింది. బరాక్‌పూర్ చేపల పరిశోధన సంస్థ వాళ్లు కొన్నిటికి ట్యాగులు కూడా కట్టి వదులుతున్నారు. బంగ్లాదేశ్ మాత్రం వేట మీద పట్టు బిగించింది. 25 సెంటీమీటర్ల లోపు పిల్లల్ని నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదు, అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఇలిశ వేటే బంద్. 2002-03లో రెండు లక్షల టన్నులు పట్టేవాళ్లు, 2017-18కి ఐదు లక్షలు దాటింది.

ఆత్రేయపురం_అల్లుడు:
మరి ఆ నెలల్లో జాలర్లు ఏం తింటారండీ?

కలకత్తా_కాకినాడ:
ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. అందరికీ సరిపోదనే గొడవ ఉంది.

యానాం_పడవ:
సన్నకన్ను వలలో వేలెడు పిల్ల పడితే మా నాన్న చిల్లర చేపల్లో కలిపి అమ్మేసేవాడు. అది పులస పిల్లని నాకు తెలిసింది పెద్దయ్యాకే.