ఫిట్‌నెస్ శిక్షణ: ఒళ్లు హూనం కాకుండా నడపడం ఎలా?

ప్రశ్న:
కూకట్‌పల్లిలో ఉంటాను. తెల్లవారుజామున డాలస్‌లోని మనవాళ్లకు వీడియోలో వ్యాయామం నేర్పుతాను. తర్వాత స్కూటర్ మీద కొండాపూర్ అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరిగి, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరతాను. అప్పుడు వాట్సాప్ మొదలవుతుంది: పెసరట్టు ఫొటో, కింద "ఇది తినవచ్చా సార్?" ఫొటోలో సగం అట్టు అప్పటికే మాయం! రాబడికి లోటు లేదు, నా వ్యాయామమే మూలపడింది. ఎవరిని వదులుకోవాలి?

జవాబు:
మనుషులను కాదు, స్కూటర్‌ను వదలండి. ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురిని కలిపి క్లబ్‌హౌస్‌లోనే నేర్పండి. తలా రుసుము తగ్గించినా గంటకు వచ్చేది పెరుగుతుంది. ఇంకొకటి: నవంబరులో డాలస్ గడియారం గంట వెనక్కి వెళుతుంది. వాళ్ల సాయంత్రం ఏడు వేసవిలో మనకు ఉదయం ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. కొండాపూర్ తరగతి వేళ ఇప్పుడే సర్దుకోండి.

మరో జవాబు:
విశాఖలో నాదీ ఇదే పని. ఆహారం ప్రశ్నలకు శనివారం సాయంత్రం అందరికీ కలిపి జవాబిస్తాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలను చేరిన రోజే పంపిస్తాను. మధుమేహం ఉన్నవారి ఆహార పట్టిక మాత్రం రాయను, డాక్టరు దగ్గరకు పంపుతాను. రుసుము ముందే తీసుకోండి. వాళ్లు ఎగ్గొట్టిన తరగతులు మళ్లీ చెబుతానని ఒప్పుకున్నారో, మీ ఆదివారం పోయినట్టే.

ప్రశ్న వేసినవారు:
క్లబ్‌హౌస్ గురించి రేపు అపార్ట్‌మెంట్ కార్యదర్శిని అడుగుతాను. పెసరట్టు శనివారం దాకా ఆగుతుందా అన్నదే అనుమానం.