టిక్ ఫీవర్‌కి డాక్సీ వాడుతుంటే మూత్రం డికాక్షన్ రంగులో వస్తోంది

గుంటూరు_లాబ్రడార్ (ప్రశ్న)

మగ లాబ్రడార్, మూడేళ్ళు, 28 కేజీలు. టీకాలన్నీ అయ్యాయి. సోమవారం 104.6 జ్వరం, తిండి మానేశాడు. చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు దొరికాయి. కిట్ టెస్టులో ఎర్లీషియా (పిడుదుల ద్వారా సోకే క్రిమి) పాజిటివ్. ఆ రోజు రక్తం రిపోర్టు: హిమోగ్లోబిన్ 7.2, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 21, తెల్లకణాలు 6,400, ప్లేట్‌లెట్లు 38,000. అన్నీ మెషిన్ లెక్కలే, మైక్రోస్కోప్ కింద స్లైడు చూడలేదు. డాక్సీసైక్లిన్ 300 మి.గ్రా. రోజుకొకసారి, లివర్ సిరప్, ఐరన్ టానిక్ రాశారు.

బుధవారానికి 102.8కి దిగి కాస్త తిన్నాడు. గురువారం నుంచి మళ్ళీ 103.9. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. నిన్న సాయంత్రం నుంచి మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తోంది. డాక్సీ పనిచెయ్యట్లేదా, లేక ఇంకా రోజులు పడుతుందా? బొప్పాయి ఆకు రసం పొయ్యమని ఇంట్లో అందరూ అంటున్నారు. ఇంకో సంగతి, ఇంట్లో పిల్లి కూడా ఉంది. పిడుదులకి ఏ మందు కొడితే దానికి ప్రమాదం ఉండదు?

వెట్_కృష్ణాతీరం

డాక్సీ తన పని తను చేస్తోందండీ. మూత్రం రంగుని బట్టి చూస్తే దానికి లొంగని ఇంకో జబ్బు కూడా ఉందని అనుమానించాలి.

ఎర్లీషియా చేరేది తెల్లకణాల్లో. దాని దెబ్బ ముందు ప్లేట్‌లెట్ల మీద పడుతుంది. ముక్కు నుంచి రక్తం, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు దాని గుర్తులు. కొత్తగా సోకిన ఎర్లీషియాలో మొదటి రోజే పీసీవీ 21కి పడిపోవడం మామూలు సంగతి కాదు. పిడుదుల నుంచే వచ్చే ఇంకో క్రిమి, బబేసియా అయితే ఎర్రకణం లోపలే పెరిగి దాన్ని పగలగొడుతుంది. బయటపడిన హిమోగ్లోబిన్ కిడ్నీల గుండా మూత్రంలోకి దిగుతుంది, ఆ డికాక్షన్ రంగు అదే. పిడుదులు పట్టిన కుక్కలో రెండూ కలిసి ఉండటం మన దగ్గర కొత్తేమీ కాదు.

కిట్‌లో రాలేదు కదా అంటారేమో. మామూలుగా వాడే నాలుగు జబ్బుల కిట్ చూసేది గుండెపురుగు, ఎర్లీషియా, అనాప్లాస్మా, లైమ్. బబేసియా అందులో లేదు. కొన్ని కిట్లలో ఉంటుంది, గీతల పక్కన రాసిన పేర్లు చూసుకోండి. పైగా ఎర్లీషియాకి అది వెతికేది యాంటీబాడీని. పాత ఇన్ఫెక్షన్ ఎప్పుడో నయమైపోయినా నెలల తరబడి పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది.

ఈ రోజే చెయ్యాల్సినవి: పీసీవీ మళ్ళీ, స్లైడు, క్రియాటినిన్ (కిడ్నీల కోసం), బిలిరుబిన్ (కామెర్ల కోసం). మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పమనండి. ఎరుపు అడుగుకి దిగి పైన తేటపడితే అది రక్తస్రావం, ప్లేట్‌లెట్లు తక్కువై జరుగుతోందన్నమాట. తిప్పాక కూడా రంగు అలాగే ఉంటే హిమోగ్లోబిన్, అంటే ఎర్రకణాలు పగులుతున్నాయి. రెండు నిమిషాల పని, వైద్యం దారే మారిపోతుంది.

రాత్రిలోగా లేవలేకపోయినా, ఎగశ్వాస వచ్చినా, మూత్రం ఆగిపోయినా పొద్దుటిదాకా ఆగకండి.

డాగ్‌వాక్_విజయవాడ

ఇన్ని టెస్టులెందుకు? బబేసియాకి ఒక ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ వేయించండి, రెండు వారాలకి ఇంకోటి. చాలా క్లినిక్‌లలో చేసేది ఇదే.

స్లైడు_చూడు

చేస్తారు, చాలా కేసుల్లో మళ్ళీ తిరగబెట్టేది కూడా అందుకే. బబేసియాలో రెండు రకాలున్నాయి. పెద్దది ఎర్రకణంలో జంట కన్నీటిబొట్లలా కనిపిస్తుంది, ఇది ఇమిడోకార్బ్‌కి లొంగుతుంది. చిన్నది, అంటే గిబ్‌సోని, సన్నటి ఉంగరంలా ఉంటుంది. ఇమిడోకార్బ్ దీన్ని తుడిచిపెట్టదు, నాలుగు రోజులు తగ్గినట్టు కనిపించి మళ్ళీ లేస్తుంది. ఏ రకమో తెలియకుండా సూది వేస్తే ఆ నాలుగు రోజులూ పోయినట్టే.

స్లైడు కోసం కాలి నరం నుంచి తీసిన రక్తంతో పాటు చెవి అంచుని సూదితో గుచ్చి వచ్చిన మొదటి చుక్కతో ఇంకోటి వేయించండి. పురుగు ఉన్న కణాలు సన్నటి నాళాల్లో ఎక్కువ చిక్కుకుంటాయి, అందుకని చెవి చుక్కలో దొరికే అవకాశం ఎక్కువ. రక్తం తీసిన చోటే, తీసిన వెంటనే స్లైడు వెయ్యాలి. ఊదారంగు మూత ట్యూబులో గంటల తరబడి ఉన్న రక్తంతో వేస్తే కణాల ఆకారం చెడి, రంగు మడ్డిని కూడా పురుగని పొరబడతారు. స్లైడులో ఏమీ దొరకలేదంటే జబ్బు లేదని కాదు, గిబ్‌సోని తక్కువ సంఖ్యలో ఉంటే చూపుకి అందదు. అప్పుడు పీసీఆర్ (క్రిమి డీఎన్ఏని వెతికే పరీక్ష) పంపాలి. బబేసియాకి ఏ మందైనా మొదలుపెట్టకముందే ఆ రక్తం తీసి ఫ్రిజ్‌లో పెట్టించండి. డీప్ ఫ్రీజర్‌లో కాదు.

ప్లేట్‌లెట్ల సంగతి కూడా. సూది సరిగ్గా పడక రక్తం తియ్యడం ఆలస్యమైతే ప్లేట్‌లెట్లు గుత్తులు కట్టేస్తాయి. మెషిన్ ఆ గుత్తిని లెక్కలోకి తీసుకోదు, లక్షన్నర ఉన్న కుక్కకి 38,000 అని రాస్తుంది. స్లైడు చివరి పలచటి అంచున గుత్తులున్నాయేమో చూడాలి. అవి లేకపోతే ఆయిల్ లెన్స్ కింద ఒక్కో ఫీల్డుకి సగటున ఎన్ని ప్లేట్‌లెట్లు కనిపిస్తే అంతకి 15,000 చొప్పున వేసుకుంటే దగ్గరి లెక్క వస్తుంది.

వెట్_కృష్ణాతీరం

పైన చెప్పింది సరైన మాట. మీ డాక్టరు గారితో మాట్లాడటానికి పనికొస్తుందని మోతాదులు రాస్తున్నాను, ఇంట్లో సొంతంగా వేసెయ్యడానికి కాదు.

పెద్ద రకమైతే ఇమిడోకార్బ్ కేజీకి 6.6 మి.గ్రా., 28 కేజీలకి దాదాపు 185 మి.గ్రా. ఎంఎల్‌కి 120 మి.గ్రా. ఉండే సీసాలో అది ఒకటిన్నర ఎంఎల్. కండలోకో చర్మం కిందకో వెయ్యాలి, నరంలోకి ఎప్పుడూ వద్దు. ముందు అట్రోపిన్ వెయ్యకపోతే చొంగ కారడం, వాంతి, విరేచనం పట్టుకుంటాయి. రెండు వారాలకి రెండో డోసు.

చిన్న రకమైతే అటోవాక్వోన్ కేజీకి 13.3 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి, అజిత్రోమైసిన్ కేజీకి 10 మి.గ్రా. రోజుకోసారి, రెండూ కలిపి పది రోజులు. మీవాడికి లెక్క వేస్తే 5 ఎంఎల్‌లో 750 మి.గ్రా. ఉండే అటోవాక్వోన్ సిరప్ పూటకి రెండున్నర ఎంఎల్. ఇది కొవ్వుతో కలిస్తేనే ఒంటపడుతుంది, ఖాళీ కడుపున పోస్తే వృథా. గుడ్డు పచ్చసొన, చర్మంతో ఉడికించిన కోడి లాంటివి పెట్టి వెంటనే పొయ్యాలి. మలేరియాకి వాడే ప్రోగ్వానిల్ కలిసిన మాత్ర దొరికింది కదా అని తెచ్చుకోవద్దు, కుక్కలు దాన్ని కక్కేస్తాయి. సిరప్ ఖరీదెక్కువ, అన్ని షాపుల్లో ఉండదు. అసలు దొరక్కపోతే డాక్సీ, క్లిండమైసిన్, మెట్రోనిడజోల్ కలిపి వాడే పద్ధతి ఉంది, కానీ అది నెలలు సాగుతుంది.

ఏ రకమైనా డాక్సీ మాత్రం ఆపకండి, అది ఎర్లీషియాకి. 28 రోజులు పూర్తవ్వాలి. వారానికే హుషారొచ్చిందని ఆపేసిన కుక్కల్లోనే ఏడాది తర్వాత ఎముక మజ్జ ఎండిపోయి మూడు రకాల కణాలూ పడిపోయే దశ వస్తుంది. దాన్నుంచి లాక్కురావడం చాలా కష్టం.

మజ్జిగ_చారు

మందు పొయ్యడంలో ఒక చిక్కు కనిపిస్తోంది. ఐరన్ టానిక్, డాక్సీ ఒకే పూట ఇస్తున్నారా? ఇనుము డాక్సీని పేగులోనే పట్టేసుకుంటుంది. పాలు, పెరుగన్నంలో మాత్ర పొడిచేసి పెట్టే అలవాటుతోనూ ఇదే ఇబ్బంది, కాల్షియం కొంత మందుని ఆపేస్తుంది. కనీసం మూడు గంటల ఎడం ఉంచండి. అసలు ఎర్రకణాలు లోపలే పగిలే రక్తహీనతలో ఇనుము ఒంట్లోనే ఉండిపోతుంది కాబట్టి టానిక్ వల్ల ఒరిగేది తక్కువ. అవసరమా అని డాక్టరు గారినే అడగండి.

డాక్సీ పొడిమాత్రగా గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండవుతుంది. ఆ తర్వాత కుక్క మింగడానికే భయపడుతుంది, జబ్బు ముదిరి తిండి మానేసిందనుకుంటాం. మాత్ర తర్వాత ఒక ముద్ద మెత్తటి అన్నం, లేదా సిరంజితో ఆరేడు ఎంఎల్ నీళ్ళు బుగ్గ పక్క నుంచి మెల్లగా పొయ్యండి. తల పైకెత్తి పట్టి పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

జ్వరం చూడటం మలద్వారంలోనే, డిజిటల్ థర్మామీటర్ కొసకి వ్యాజలిన్ రాసి. 101 నుంచి 102.5 దాకా కుక్కకి మామూలే. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి ఏమీ తేలదు. జ్వరమని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, డైక్లోఫెనాక్ ఏదీ వెయ్యొద్దు. ప్లేట్‌లెట్లు పడి ఉన్నప్పుడు నొప్పి మాత్ర వేస్తే కడుపులో రక్తం కారడం మొదలవుతుంది, మలం తారులా నల్లగా వస్తుంది. పక్కనే ఉన్న పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ మాత్రే ప్రాణాంతకం. జ్వరం ఎక్కువైతే పాదాలు, పొట్ట కింద తడిగుడ్డ, ఫ్యాను. ఐసునీళ్ళు వద్దు.

బొప్పాయి ఆకు రసం క్రిమిని చంపదు. ప్లేట్‌లెట్లు పెరిగాయని చెప్పుకునే చాలా కేసుల్లో డాక్సీ కూడా నడుస్తూ ఉంటుంది, పేరు మాత్రం ఆకుకి పోతుంది. చేదుకి వాంతి చేసుకుంటే ఆ పూట అసలు మందు కూడా బయటికొస్తుంది. నా ఓటు వద్దనే.

మూడుపిల్లుల_ఇల్లు

పిల్లి విషయం. పర్మెథ్రిన్ ఉన్న కుక్కల స్పాట్-ఆన్ (చర్మం మీద చుక్కలుగా వేసే పిడుదుల మందు) పిల్లికి రాస్తే వణుకు, ఫిట్సు, చావు. పిల్లి కాలేయానికి దాన్ని విరిచే శక్తి తక్కువ. అమిట్రాజ్, డెల్టామెథ్రిన్ డిప్‌లు (ఒళ్ళంతా తడిపే మందునీళ్ళు) కూడా పిల్లి మీద వద్దు. కుక్కకి వీటితో స్నానం చేయిస్తే పూర్తిగా ఆరేదాకా పిల్లిని వేరే గదిలో ఉంచాలి, అవి ఒకదాన్నొకటి నాకుతాయి.

మీ కుక్కకి ఇప్పుడు డిప్ అసలే వద్దు. రక్తం ఇంత తక్కువగా ఉన్నప్పుడు అమిట్రాజ్ మత్తు, గుండె వేగం తగ్గడం ఇంకో ప్రమాదం. మాత్రతో పోయేదానికి తడపడమెందుకు? అఫాక్సోలానర్ అయితే 25 నుంచి 50 కేజీల డబ్బా, నెలకోసారి. ఫ్లూరాలానర్ అయితే 20 నుంచి 40 కేజీల డబ్బా, పన్నెండు వారాలకోసారి. ఇదివరకు ఎప్పుడైనా ఫిట్సు వచ్చి ఉంటే ముందే డాక్టరుకి చెప్పాలి. మాత్ర కుక్క ఒంటి లోపలి నుంచి పనిచేస్తుంది కాబట్టి పిల్లికి మందు అంటదు. పిల్లికి విడిగా, పిల్లులకని రాసి ఉన్న ఫిప్రోనిల్ స్పాట్-ఆన్, నాకలేని చోట, మెడ వెనక. (ఇంట్లో కుందేలు ఉంటే దానికి ఫిప్రోనిల్ విషం, ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నా.)

అంటుకుని ఉన్నవాటిని సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. కిరోసిన్, అగరొత్తి నిప్పు వద్దు, ఉక్కిరిబిక్కిరై లోపలిది కక్కుతుంది. వేళ్ళతో నలపకుండా స్పిరిట్ సీసాలో వెయ్యండి.

కుక్క మీద కనిపించేవి కొన్నే, ఇంట్లో దాగినవే ఎక్కువ. ఆడ పిడుదు రక్తం తాగి ఉబ్బి రాలిపోయి, గోడ పగుల్లో వేలల్లో గుడ్లు పెడుతుంది. ఈ జాతి పైకి పాకుతుంది, అందుకని నేల తుడిస్తే చాలదు. తలుపు చట్రాల వెనక, కర్టెన్ మడతలు, స్విచ్‌బోర్డు చుట్టూ, గోడ పైమూలలు చూడాలి. కుక్క పడుకునే గోనెపట్టా కాల్చెయ్యండి. పగుళ్ళని పుట్టీతో మూసి, డెల్టామెథ్రిన్‌ని డబ్బా మీద రాసిన పాళ్ళలో కలిపి కొట్టి, రెండు వారాల ఎడంతో కనీసం ఇంకో రెండుసార్లు కొట్టండి. మొదటిసారి గుడ్లు చావవు. కొట్టిన రోజు కుక్కా పిల్లీ ఇద్దరూ బయటే, నేల ఆరాకే లోపలికి.

గుంటూరు_లాబ్రడార్

అందరికీ థాంక్స్. స్లైడులో చిన్న ఉంగరాలు దొరికాయి, గిబ్‌సోని అంటున్నారు. పీసీఆర్‌కి రక్తం పంపారు. తిప్పాక కూడా మూత్రం రంగు అలాగే ఉంది. క్రియాటినిన్ 1.3. ఐరన్ ఆపారు. సిరప్ రేపు వస్తుంది. కానీ పీసీవీ 17కి దిగింది. రక్తం ఎక్కించాలా, ఎంత?

వెట్_కృష్ణాతీరం

అంకె ఒక్కటే చూసి నిర్ణయించరు. 17 ఉండి పడుకున్నా ఊపిరి మామూలుగా, గుండె నిమిషానికి 120 లోపు, లేచి తిరుగుతుంటే కొన్ని గంటలు గమనించవచ్చు. మీకు రోజురోజుకీ దిగుతోంది, సిరప్ పనిచెయ్యడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి దాతని ఇప్పుడే వెతికి పెట్టుకోండి. మీకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గర, ముందు ఫోన్ చేసి వెళ్ళండి.

లెక్క ఇది: కేజీకి 2 ఎంఎల్ పూర్తి రక్తం పీసీవీని ఒక అంకె పెంచుతుంది. 17 నుంచి 25కి తేవాలంటే 8 × 2 × 28, అంటే 448 ఎంఎల్. ఒక బ్యాగు సరిపోతుంది. దాత 25 కేజీలు దాటి, ఎనిమిదేళ్ళ లోపు, టీకాలు పూర్తయి ఉండాలి. దాతకి ఎర్లీషియా, బబేసియా పరీక్ష తప్పనిసరి, గిబ్‌సోని ఎక్కించిన రక్తం ద్వారా కూడా అంటుకుంటుంది. కుక్కల కొట్లాటలో కాట్ల ద్వారా కూడా, అది తర్వాత గుర్తుపెట్టుకోండి. మొదటిసారి ఎక్కించేటప్పుడు పెద్ద రియాక్షన్ అరుదు, అయినా క్రాస్‌మ్యాచ్ (రెండు కుక్కల రక్తం సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) చేయించడం మంచిది. మొదటి అరగంట చాలా మెల్లగా, అప్పుడు మొహం వాపు, వాంతి, దద్దుర్లు వస్తే ఆపాలి. మొత్తం నాలుగు గంటల్లో అయిపోవాలి. అదే లైనులో రింగర్ లాక్టేట్ పెట్టొద్దనండి, అందులోని కాల్షియంతో బ్యాగులోని రక్తం గడ్డకడుతుంది. సెలైన్ మాత్రమే.

తర్వాత పీసీవీ, ప్లేట్‌లెట్లు వారానికోసారి. తగ్గిందో లేదో చూడటానికి కిట్ టెస్టు మళ్ళీ చేయించకండి, ఎలాగూ పాజిటివే వస్తుంది. గిబ్‌సోనికి మందు అయిపోయాక 60వ రోజు, 90వ రోజు పీసీఆర్. రెండూ నెగెటివ్ వచ్చినా వాడిని ఎప్పుడూ దాతగా ఇవ్వకండి.