బార్సిలోనా నుంచి పైరినీస్ కొండల మీదుగా ఏడు రోజుల బైక్ ట్రిప్: రూట్, బండి, కాగితాల గురించి చెప్పగలరా?

కొండదారి:

సెప్టెంబర్ 18 నుంచి 24 దాకా నేనూ మా ఆవిడా ఒకే బండి మీద స్పెయిన్ పల్లెదారులు తిరగాలనుకుంటున్నాం. బండి బార్సిలోనాలో అద్దెకు తీసుకుని అక్కడే అప్పజెప్పాలి. మ్యాప్‌లో గీసుకున్న రూట్: బార్సిలోనా, అక్కణ్ణుంచి ఎన్-260 రోడ్డు మీద పైరినీస్, పాంప్లోనా, ఉత్తర స్పెయిన్‌లోని పికోస్ డి యూరోపా కొండలు, తిరిగి హైవే మీద బార్సిలోనా. మొత్తం 2,000 కిలోమీటర్ల పైచిలుకు, అంటే రోజుకు 300. ఇక్కడ రోజుకు 400 నడపడం అలవాటే కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. బండి బీఎమ్‌డబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ అనుకుంటున్నా. ఇక్కడ నడిపేది హిమాలయన్ 450. మన లైసెన్స్ అక్కడ చెల్లుతుందా? మా ఆవిడ శాకాహారి, గుడ్డు తింటుంది. రూట్‌లో ఏమైనా మార్చాలా?

తుంగభద్ర:

కొండదారి గారూ, పికోస్ తీసేయండి. చాలా అందమైన చోటే, కాదనను. కానీ బార్సిలోనా నుంచి 700 కిలోమీటర్ల పైనే. రానూ పోనూ రెండు రోజులు హైవేకే పోతాయి. ఇంకోసారి బిల్బావోలోనో శాంటాండర్‌లోనో బండి తీసుకుంటే మొదటి రోజు మధ్యాహ్నానికే పికోస్‌లో ఉంటారు.

రోజుకు 300 అన్న లెక్క కూడా ఎన్-260 మీద కుదరదు. అది పోర్ట్‌బౌ దగ్గర సముద్రం ఒడ్డున మొదలై సబిన్యానిగో దాకా దాదాపు 500 కిలోమీటర్లు కొండల్లోంచే పోతుంది. స్పీడ్ లిమిట్ 90 అయినా మలుపుల వల్ల గంటకు 50 సగటు వస్తే గొప్ప. దానికి పెట్రోలు, కాఫీ, ఫోటోలు కలపండి. పిలియన్‌తో, అంటే వెనక మనిషితో, 150 నుంచి 200 కిలోమీటర్లే నిండు రోజు. కిలోమీటర్లు వదిలేసి గంటలు లెక్కేయండి. బండి మీద రోజుకు ఐదు గంటలు మించితే సాయంత్రం మలుపుల్లో కన్ను మందగిస్తుంది.

నేనైతే ఇలా వేస్తాను. మొదటి రోజు అద్దె కాగితాలకే గంటన్నర పోతుంది. అందుకని సీ-17 మీద రిపోల్ చేరి, అక్కడ ఎన్-260 పట్టుకుని, సుమారు 1,790 మీటర్ల కొల్యాడా డి తోసెస్ ఎక్కి పుయిగ్‌సెర్దాలో ఆగండి. 170 కిలోమీటర్లు వస్తుంది. తోసెస్ మీద మలుపులు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వస్తాయి. కొత్త బండి చేతికి అలవాటు కాకముందే వస్తాయి కాబట్టి అక్కడ తొందర పడొద్దు.

రెండో రోజు లా సెవు దుర్జెల్ దాటి అద్రాల్ దగ్గర కుడికి తిరగని వాళ్లు నేరుగా లెయిదా ఊరి వైపు దిగిపోతారు. మీరు సోర్ట్ బోర్డు పట్టుకోండి. 1,720 మీటర్ల దాకా ఎక్కే కాంతో కనుమ ఈ ట్రిప్ మొత్తంలో నాకు బాగా నచ్చే ముక్క. రోడ్డు వెడల్పు, తారు నున్నన, ట్రాఫిక్ తక్కువ. సోర్ట్ నుంచి ఎస్తెర్రీ ద'ఆనెవు పోయి పడుకోండి.

మూడో రోజు సీ-28 మీద బొనాయిగువా కనుమ, 2,072 మీటర్లు. అటు దిగితే వియెల్యా. అక్కణ్ణుంచి ఐదు కిలోమీటర్ల పైన ఉండే సొరంగం. దీనికి రెండు వైపులా వాతావరణం వేరు. ఉత్తరం వైపు ఆరాన్ లోయ నీళ్లు అట్లాంటిక్‌కు పోతాయి, అక్కడ మబ్బూ తడీ ఎక్కువ. దక్షిణం వైపు తేలగానే ఎండ కొట్టొచ్చు. నల్ల వైజర్ వేసుకుని సొరంగంలో దూరితే మొదటి కొన్ని క్షణాలు ఏమీ కనపడదు. తెల్ల వైజర్, లోపల మడిచే సన్ వైజర్ ఉన్న హెల్మెట్ తీసుకెళ్లండి. తర్వాత పోన్ట్ దె సువెర్త్, కాస్తెహోన్ దె సోస్, వెంతామీయో ఇరుకు లోయ, ఆయిన్సా. వెంతామీయోలో రాతిగోడ రోడ్డు మీదికి వంగి ఉంటుంది. ఎదురుగా బస్సు వస్తే అది మీ లేన్‌లోకి రాక తప్పదు, దానికి చోటు వదిలి నడపండి. ఆ పక్కన రోడ్డు పనులకు దారి ఆపేస్తుంటారు, ముందు రోజు రాత్రి డీజీటీ (స్పెయిన్ ట్రాఫిక్ శాఖ) మ్యాప్ చూసుకోండి.

ఆయిన్సాలో రెండు రాత్రులు ఉండండి. నాలుగో రోజు పెట్టెలు గదిలో వదిలేసి, ఖాళీ బండితో ఏ-138 మీద బియెల్సా, పినేతా లోయ. ఆన్యిస్క్లో లోయ దారి కూడా దగ్గరే. కాకపోతే ఆ ఇరుకు ముక్క రద్దీ సీజన్‌లో వన్ వే, బోర్డు చూసి దిగాలి. ఐదో రోజు బ్రోతో, బియెస్కాస్, హాకా. ఇక్కడొక మెలిక ఉంది: కొత్త ఎన్-260 ఫిస్కాల్ నుంచి సొరంగం గుండా సబిన్యానిగో పోతుంది. జీపీఎస్ అటే లాగుతుంది. మీక్కావలసింది పాత దారి, బోర్డుల మీద ఎన్-260ఏ. బ్రోతో, కోతెఫాబ్లో మీదుగా పోయేది అదే. ఆరో రోజు హాకా నుంచి శాన్ హువాన్ దె లా పేన్యా మఠం, ఆపైన ఏ-132 మీద రీగ్లోస్ ఎర్రకొండలు, ఉవెస్కా. ఏడో రోజు ఏ-22, ఏ-2 హైవేల మీద 275 కిలోమీటర్లు, మూడు గంటల్లో బార్సిలోనా.

పాతగేరు:

రూట్ బాగుంది. నేను బండి గురించి, కుడివైపు నడపడం గురించి చెబుతాను.

జీఎస్ నిండు ట్యాంకుతో 249 కేజీలు. దానికి ఇద్దరు మనుషులు, మూడు పెట్టెలు. మీ హిమాలయన్ 196 కేజీలు. రోడ్డు మీద జీఎస్ తేలిగ్గానే పోతుంది, తేడా అంతా ఆగినప్పుడే. వాలుగా ఉన్న రాళ్ల వీధిలో పిలియన్ దిగుతుండగా బండి ఒరిగిందంటే ఒక కాలితో ఆపలేం. అద్దె బండ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇలాంటి చోటే, పార్కింగ్‌లో. హోండా ఎన్‌సీ 750 ఎక్స్ చూడండి. 214 కేజీలు, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండటంతో బరువు కిందికి ఉంటుంది. 58 హార్స్‌పవర్ ఇద్దరికీ ఈ కొండల్లో సరిపోతుంది. అద్దె కూడా తక్కువ. ఏడో రోజు హైవే మీద మాత్రం జీఎస్ హాయి, అది ఒప్పుకోవాలి.

ఇక కుడివైపు నడపడం. ట్రాఫిక్‌లో ఎవరూ తప్పు చేయరు, ముందు బండి వెనకే పోతారు. తప్పు జరిగేది ఖాళీ రోడ్డు మీద: పొద్దున్నే హోటల్ గేటు దాటినప్పుడు, పెట్రోల్ బంకు నుంచి బయటికొచ్చినప్పుడు, ఫోటో కోసం ఎడమ పక్క ఆపి మళ్లీ బయల్దేరినప్పుడు. అందుకే ఎప్పుడూ కుడి పక్కే ఆపండి. వెనక కూర్చున్నవాళ్లు ప్రతి స్టార్ట్‌కీ "కుడి" అని పైకి అనడం అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది. రౌండబౌట్‌లో తిరగడం గడియారానికి ఎదురు దిశలో, దారి ఇవ్వాల్సింది ఎడమ నుంచి వచ్చేవాళ్లకు.

మలుపుల సంగతి అంతకన్నా ముఖ్యం. మనకు కుడి మలుపు వెడల్పు, ఎడమ మలుపు ఇరుకు. అక్కడ తిరగబడుతుంది. ఎడమ మలుపులో టైరు మధ్యగీతకు లోపలే ఉన్నా, బండి వంచేసరికి తలా భుజమూ ఎదురు లేన్‌లోకి పోతాయి. లారీ వస్తే తగిలేది అవే. కాబట్టి ఎడమ మలుపులోకి లేన్ కుడి అంచు నుంచి దిగండి, మలుపు అవతలి రోడ్డు పూర్తిగా కనపడే దాకా మధ్యగీత దగ్గరికి రావద్దు. తిరుమల ఘాట్‌లో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కాబట్టి మనకు ఈ భయం అలవాటు లేదు. ఇక కుడి హెయిర్‌పిన్ బాగా ఇరుకు. మలుపుకు ముందే రెండో గేరు, కొద్దిగా థ్రాటిల్ ఉంచి వెనక బ్రేక్ తేలిగ్గా తొక్కుతూ తిప్పండి. క్లచ్ పూర్తిగా నొక్కితే బండి లోపలికి పడిపోతుంది.

సెప్టెంబర్‌లో పొద్దున చెట్ల నీడలో రోడ్డు తడిగా ఉంటుంది. కనుమల మీద ఆవులు రోడ్డు మధ్యలో నిలబడతాయి, పేడ మీద టైరు జారుతుంది. పగుళ్లు పూడ్చిన తారు గీతలు మధ్యాహ్నం ఎండకు మెత్తబడతాయి. బండి వంచి ఉన్నప్పుడు వాటి మీద థ్రాటిల్ మార్చొద్దు.

మిరపతోట:

కాగితాలు. మీ లైసెన్స్‌తో పాటు ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) ఉండాలి. పరివాహన్ సారథి పోర్టల్‌లో ఫారం 4ఏ, ఏడాది చెల్లుతుంది. బుక్‌లెట్ చేతికి రాగానే మోటార్‌సైకిల్ కేటగిరీ ఏ దగ్గర ముద్ర పడిందో లేదో చూడండి. కారుకు మాత్రమే ముద్ర వేసి ఇస్తే, ఒరిజినల్ లైసెన్స్‌లో గేర్ బండి రాసి ఉన్నా అద్దె కౌంటర్‌లో బండి ఇవ్వరు. అప్పుడు అక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు.

డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు, అదీ బుక్ చేసిన పేరు మీదే. వెయ్యి యూరోల పైమాటే బ్లాక్ చేస్తారు. పంక్చర్, అద్దాలు, బండి నిలబడి ఉండి పడిపోతే అయ్యే ఖర్చు ఇన్సూరెన్స్‌లో ఉన్నాయో లేవో రాతపూర్వకంగా అడగండి. వీసా కోసం తీసుకునే 30,000 యూరోల ట్రావెల్ పాలసీ వేరే సంగతి. చాలా పాలసీలు పెద్ద ఇంజిన్ బైక్ మీద జరిగిన ప్రమాదాన్ని మినహాయిస్తాయి. ఆ లైన్ వెతికి చదవండి, ఆసుపత్రి ఖర్చు దాని మీదే ఆధారపడుతుంది.

లా సెవు దగ్గర ఆండొర్రా 10 కిలోమీటర్లే అని చూసి అటు తిప్పేరు! ఆండొర్రా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల్లో, లేదు. సింగిల్ ఎంట్రీ వీసాతో అక్కడికి వెళ్తే తిరిగి రావడానికి వీసా ఉండదు. యూరోప్ సిమ్ రోమింగ్ కూడా అక్కడ చాలా ప్లాన్‌లలో పనిచేయదు.

ఇంకోటి, 24 బార్సిలోనాలో లా మెర్సే పండుగ, ఊరంతా సెలవు. ఆ రోజు బండి తీసుకుంటారో లేదో ఇప్పుడే అడగండి.

జరిమానా పడితే అక్కడ నివాసం లేనివాళ్లు అక్కడికక్కడే కట్టాలి, సగం తగ్గుతుంది. కట్టకపోతే బండి ఆపేయొచ్చు. చెవిలో పెట్టే ఇయర్‌ఫోన్లు నిషేధం.

తిండి విషయంలో టైమే అసలు సమస్య. పల్లెల్లో వంటగది మధ్యాహ్నం ఒకటిన్నరకు తెరిచి మూడున్నరకు మూసేస్తారు, మళ్లీ రాత్రి ఎనిమిదిన్నరకే. నాలుగింటికి ఆకలితో చేరితే చిప్స్ ప్యాకెట్టే. "వెజిటేరియన్" అంటే చాలామందికి మాంసం ముక్క లేకపోవడం ఒక్కటే. ఎన్సలాదా మిక్స్తా అనే సలాడ్ మీద ట్యూనా వస్తుంది. సెర్దాన్యా (పుయిగ్‌సెర్దా చుట్టుపక్కల) వైపు త్రిన్‌చాత్ అని క్యాబేజీ, బంగాళదుంప ముద్ద ఉంటుంది, మెనూలో చదివితే శాకాహారమే అనిపిస్తుంది, పైన పంది మాంసం వేస్తారు. "సిన్ హామోన్, సిన్ అతూన్, సిన్ పెస్కాదో" (హామ్ వద్దు, ట్యూనా వద్దు, చేప వద్దు) అని విడివిడిగా చెప్పండి. గుడ్డు తింటారు కాబట్టి తోర్తియా దె పతాతాస్ అనే బంగాళదుంప ఆమ్లెట్, టమాటా రాసిన రొట్టె ఎక్కడైనా దొరుకుతాయి. పండుమిర్చి పచ్చడి చిన్న డబ్బా పెట్టెలో ఉంటే ఆ తోర్తియా రుచే మారిపోతుంది.

కొండదారి:

అందరికీ ధన్యవాదాలండీ. పికోస్ తీసేశాను, ఎన్‌సీ 750 ఖాయం చేస్తున్నా. బండి 23 సాయంత్రమే అప్పజెప్పేలా ఉవెస్కాలో రాత్రి ఆగకుండా హాకా నుంచి నేరుగా వచ్చేయొచ్చా? ఇద్దరికీ టైర్లలో గాలి ఎంత పెట్టాలి? సామాను ఎలా సర్దాలి?

తుంగభద్ర:

హాకా నుంచి నేరుగా వద్దు. రీగ్లోస్ దారి, హైవే కలిసి ఏడు గంటలు దాటుతుంది, షాపు మూసే వేళకు పరుగు మొదలవుతుంది. ఆయిన్సాలో రెండో రాత్రి తీసేయండి. పినేతా పోతుంది, బాధే, కానీ బొనాయిగువా, కోతెఫాబ్లో రెండూ మిగులుతాయి.

పాతగేరు:

గాలి చల్లటి టైరులో ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ. బంకుల్లో మీటరు బార్‌లో ఉంటుంది, అంటే 2.5, 2.9. బండి తీసుకున్న చోటే కొలవమనండి, ఒంటరి మనిషికి సరిపోయేలా ఉంచేసి ఉంటారు. అక్కడే వెనక సస్పెన్షన్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగింపు) కూడా పెంచమనండి. లేకపోతే వెనక కుంగి, హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, హెయిర్‌పిన్‌లో ముందు చక్రం తేలిపోతుంది. బరువైనవి పక్క పెట్టెల అడుగున, టాప్ బాక్స్‌లో రెయిన్ సూట్, చేతి తొడుగులు, నీళ్ల సీసా మాత్రమే.

ట్యాంకు 14 లీటర్లు, 300 కిలోమీటర్లు పోతుంది. అయినా 200 దగ్గరే నింపండి, ఆదివారం మధ్యాహ్నం చిన్న బంకులు మూసి ఉంటాయి. మనుషులు లేని బంకుల్లో కార్డు మీద ముందే పెద్ద మొత్తం పట్టి ఉంచుతారు, ఫోరెక్స్ కార్డులో బ్యాలెన్స్ ఉంచుకోండి. గసోలియో అంటే డీజిల్. గన్ రంగును నమ్మకుండా స్టిక్కర్ చూడండి: గుండ్రంలో ఈ5 ఉంటే పెట్రోలు, చదరంలో బీ7 ఉంటే డీజిల్. పొరపాటున డీజిల్ పడితే తాళం తిప్పకండి, స్టార్ట్ చేయకపోతే ట్యాంకు ఖాళీ చేయడంతో పోతుంది.