స్ప్రింగ్‌ఫీల్డ్ పుకారు: నిలదీయాల్సింది ఫేస్‌బుక్‌నా, నాయకులనా?

డేటన్‌వాసి:
ఒహాయో రాష్ట్రంలో మేముండే డేటన్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు కారులో అరగంట. హైతీ నుంచి వచ్చినవాళ్లు కుక్కల్నీ పిల్లుల్నీ పట్టుకు తింటున్నారని 2024 సెప్టెంబర్‌లో పుకారు లేచింది ఆ ఊరి మీదే. మొదలు ఒకావిడ పెట్టిన ఫేస్‌బుక్ పోస్టు. ఆవిడ కళ్లతో చూసిందేమీ లేదు. పక్కింటావిడ చెప్పింది, ఆమెకు ఇంకెవరో చెప్పారు, అంతే. కాంటన్ అనే వేరే ఊళ్లో పిల్లిని చంపిన కేసులో అరెస్టయిన ఒకామె వీడియోను తెచ్చి దీనికి అతికించారు. ఆమె హైతీ మనిషే కాదు, ఇక్కడి పౌరురాలు. ఆ వీడియో మా తెలుగు వాట్సాప్ గ్రూపుకూ వచ్చింది.

సెప్టెంబర్ 10న కమలా హారిస్‌తో అధ్యక్ష ఎన్నికల డిబేట్‌లో ట్రంప్ ఆ మాటే అన్నారు. నమ్మదగిన ఆధారం లేదని ఆ ఊరి సిటీ మేనేజర్ తమకు చెప్పారని యాంకర్ అక్కడికక్కడే అన్నాడు. ఎవరు విన్నారు? కొద్ది రోజుల్లోనే సిటీ హాలుకు, స్కూళ్లకు 30కి పైగా బాంబు బెదిరింపులు. అన్నీ ఉత్తవే. అయినా పిల్లల్ని క్లాసుల్లోంచి బయటికి పంపాల్సి వచ్చింది. గవర్నర్ మైక్ డివైన్ స్కూళ్ల దగ్గర స్టేట్ పోలీసులను పెట్టారు. ఆయనదీ ట్రంప్ రిపబ్లికన్ పార్టీయే, పుట్టింది ఆ ఊళ్లోనే. ఆ పుకారుకు ఆధారం లేదని గట్టిగా చెప్పారు.

పోస్టు పెట్టినావిడ బాధపడి, తప్పయిందని చెప్పింది. నాయకులు మాత్రం మాట వెనక్కి తీసుకోలేదు. అప్పట్లో ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్ అయితే, మీడియా అమెరికన్ల కష్టాలను పట్టించుకోవడానికి కథలు సృష్టించాల్సి వస్తే సృష్టిస్తానని సీఎన్ఎన్‌లో అన్నారు. మీడియా దృష్టిని ఇటు తిప్పడమే తన ఉద్దేశమని ఆ ఇంటర్వ్యూలోనే వివరణ ఇచ్చుకున్నారు కూడా. నాకైతే ఆ వివరణ సరిపోలేదు. ఆయన భార్య ఉషా వాన్స్ గారి మూలాలు మన గోదావరి వైపని మేమంతా సంబరపడ్డాం, అందుకే ఇంకా బాధేసింది. ముందు తప్పు నాయకులదే అంటాను. మీరేమంటారు?

హ్యూస్టన్ అమ్మాయి:
డేటన్‌వాసి గారూ, సగమే ఒప్పుకుంటాను. ఆ పోస్టు ఆ ఊళ్లోనే ఆగిపోకుండా దేశమంతా తిప్పింది సోషల్ మీడియా కాదా? ఫేస్‌బుక్ 2017లో ఎమోజీ రియాక్షన్లకు లైక్ కంటే 5 రెట్లు విలువ కట్టింది. అందులో కోపం ఎమోజీ కూడా ఉంది. అంటే జనానికి ఒళ్లు మండించే పోస్టే పైకి లేస్తుంది. తర్వాత తగ్గించారు, కానీ అప్పటికే రాజకీయాలు ఆ రుచి మరిగాయి. 1996 నాటి సెక్షన్ 230 అనే చట్టం వల్ల యూజర్లు రాసినదానికి కంపెనీ మీద దాదాపుగా కేసు నిలవదు. 2025 జనవరిలో ఫేస్‌బుక్ యజమాని మెటా అమెరికాలో నిజానిజాలు చూసే బయటి ఫ్యాక్ట్‌చెకర్లను కూడా వద్దనుకుంది. అన్ని కోట్లు సంపాదించేవాళ్లకు ఏ బాధ్యతా లేకపోతే ఎలా?

న్యూజెర్సీ బాబాయి:
ఏది అబద్ధమో తేల్చేది ఎవరమ్మా? కరోనా వైరస్ మనుషులు తయారుచేసిందన్న పోస్టులను ఫేస్‌బుక్ 2021 ఫిబ్రవరిలో నిషేధించి, మే నెలలో మళ్లీ అనుమతించింది. నాలుగు నెలలు తిరక్కుండానే మాట మారింది. సైన్యంలో పతకం వచ్చిందని అబద్ధం చెప్పుకున్న మనిషిని కూడా ఆ ఒక్క అబద్ధానికి శిక్షించకూడదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ దేశం అలా నిలబడింది. నష్టపోయినవాళ్లకు కోర్టులున్నాయి. 2020 ఎన్నికల అబద్ధాల మీద ఓటింగ్ మెషిన్ల కంపెనీ డొమినియన్ కేసు వేస్తే ఫాక్స్ న్యూస్ 78.75 కోట్ల డాలర్లు కట్టింది.

డేటన్‌వాసి:
బాబాయి గారూ, డొమినియన్‌కు పేరుంది, లాయర్లున్నారు. అయినా రెండేళ్లు పట్టింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఫ్యాక్టరీ షిఫ్టు చేసుకునే హైతీ మనిషి ఏమని కేసు వేస్తాడు? "హైతీవాళ్లు" అన్నారే గానీ అతని పేరు ఎవరూ అనలేదు కదా.

నన్ను తొలిచేది ఇంకొకటుంది. ఆ ఊరికి నిజమైన కష్టం ఉంది. సుమారు 60 వేలమంది ఉన్న చోటికి కొన్నేళ్లలో వేలమంది వచ్చారు. అద్దెలు పెరిగాయి, క్లినిక్కులో గంటలకొద్దీ వెయిటింగ్, స్కూళ్లలో వాళ్ల భాష తెలిసినవాళ్లు చాలరు. ఇళ్ల కొరత గురించి సిటీ మేనేజర్ జూలైలోనే సెనేటర్లకు ఉత్తరం రాశారు. అది ఎవరికీ పట్టలేదు, సెప్టెంబర్‌లో పిల్లుల కథ మాత్రం దేశమంతా విన్నది. అదే ఏడు ఫిబ్రవరిలో రెండు పార్టీల సెనేటర్లు కూర్చుని రాసిన సరిహద్దు బిల్లును ట్రంప్ వద్దన్నాక సెనేట్‌లోనే ఆపేశారు. 100 మందిలో 60 మంది ఒప్పుకోనిదే చాలా బిల్లులు కదలని సభ అది. పని జరగని చోట పుకారుకు ఎంత చోటు దొరుకుతుందో ఇక్కడుండి చూశాను.

ఫ్రిస్కో తమ్ముడు:
మనకే జరిగింది గుర్తులేదా? 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం సాయంత్రం. హెచ్-1బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. ఏటా కట్టాలని వాణిజ్య మంత్రి లట్నిక్ కెమెరాల ముందే చెప్పారు. ఆదివారం నుంచి అమలన్నారు. కంపెనీలు బయట ఉన్నవాళ్లను వెంటనే వచ్చేయమన్నాయి. దసరాకు ఇంటికెళ్లిన మా రూమ్మేట్ హైదరాబాద్‌లో దిగిన మర్నాడే రిటర్న్ టికెట్ కొన్నాడు, అప్పు చేసి. ఫీజు ఒక్కసారేననీ, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదనీ వైట్‌హౌస్ శనివారం చెప్పింది. అప్పటికి వాడు ఎయిర్‌పోర్టులో ఉన్నాడు. ఆ రాత్రి వాళ్లమ్మగారు పడ్డ టెన్షన్ నేను ఫోన్లో విన్నాను. దానికి ఏ ఫేస్‌బుక్‌ను అడగాలి?

హ్యూస్టన్ అమ్మాయి:
ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డులు ఆగలేదు తమ్ముడూ. "ఎయిర్‌పోర్టులోనే వెనక్కి పంపేస్తున్నారు" అని ఒకరు, గ్రీన్‌కార్డుకు కూడా అని ఇంకొకరు. మంత్రి తప్పు చెప్పారు సరే, దానికి తలా తోకా తగిలించినవాళ్లం మనమే. ఆ యాప్ పని చేసే తీరే అలాంటిది.

న్యూజెర్సీ బాబాయి:
కోర్టు విషయంలో డేటన్‌వాసి గారు అన్నది నిజమే, ఊరు పేరు లేని మనిషికి అక్కడ దారి లేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ అబద్ధమేదో తేల్చే అధికారం వాషింగ్టన్ చేతికి ఇవ్వడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఇస్తే ఆ శుక్రవారం రాత్రి ఏటా కట్టాలన్న మాటే నిజమయ్యేది, కాదన్నవాడి పోస్టు తీసేసేవాళ్లు.