పాపకి ‘అనసూయ’ పేరు: అర్థం, వాడుక, స్పెల్లింగ్ సందేహాలు

గుంటూరు_నాన్న

పాప పుట్టి పన్నెండు రోజులు. కృత్తిక ఒకటో పాదం, ‘అ’ అక్షరం వచ్చింది. ‘అనసూయ’ అనుకుంటున్నాం. ‘అన్’ అంటే లేమి, అలాంటి పేరు ఆడపిల్లకి పెట్టకూడదని ఒక పెద్దాయన అంటున్నారు. నిజమేనా? మరీ అమ్మమ్మల కాలం పేరు అనిపిస్తుందా? ఇంగ్లీషులో ఎలా రాయించాలి? సర్టిఫికెట్‌కి 21 రోజులే గడువట, అదొక కంగారు.

పదాల_పెట్టె

లేమి అన్నమాట నిజమే. ఏది లేకపోవడమో చూడాలి కదండీ! న + అసూయ. వెనక అచ్చు ఉంటే ‘న’ కాస్తా ‘అన్’ అవుతుంది: అనంత, అనఘ. హల్లు ఉంటే ఉత్త ‘అ’ మిగులుతుంది: అమల, అపర్ణ. ‘అపర్ణ’ అంటే ఆకు కూడా ముట్టనిది, సాక్షాత్తూ పార్వతి పేరు. దానికి లేని దోషం దీనికెందుకు?

పేర్ల యాప్‌లన్నీ ‘ఈర్ష్య లేనిది’ అని రాసి ఊరుకుంటాయి. అది సగం అర్థమే. అమరకోశం ఈర్ష్యనీ అసూయనీ విడదీసింది. ఓర్వలేకపోవడం ఈర్ష్య, ‘దోషారోపో గుణేష్వపి’, మంచి గుణంలో కూడా తప్పు పట్టడం అసూయ. పక్కింటి పిల్లకి ఫస్టు ర్యాంకు వస్తే కడుపు మండడం ఈర్ష్య. ‘ఆ, పేపరు తేలిగ్గా వచ్చుంటుందిలే’ అనడం అసూయ. ఆ రెండో గుణం లేని మనిషి అనసూయ. గీత తొమ్మిదో అధ్యాయం మొదటి శ్లోకంలో కృష్ణుడు అర్జునుణ్ణి ‘అనసూయవే’ అన్నది ఈ అర్థంలోనే.

ఇంకో మాట. విడిగా ‘అనసూయ’, సమాసంలో ‘అనసూయాదేవి’, సీత సీతాదేవి అయినట్టే. పత్రికల్లో ‘అనసూయదేవి’ అని అచ్చు వేసేస్తుంటారు, అది తప్పు.

మల్లెతీగ

అత్రి మహాముని భార్య, దత్తాత్రేయుడి తల్లి అని అందరికీ తెలుసు. భాగవతం ప్రకారం కర్దముడు, దేవహూతుల తొమ్మిది మంది కూతుళ్ళలో ఒకరు, అంటే కపిలుడికి అక్క. నాకు నచ్చేది మాత్రం వాల్మీకి అయోధ్యాకాండ చివర్లో కనిపించే ముసలావిడ. వణికే ఒళ్ళు, నెరిసిన జుట్టు. సీతకి పూలదండ, చీర, నగలు, మైపూత ఇచ్చి, నీ పెళ్ళి కథ చెప్పమ్మా అని కూర్చోబెడుతుంది. సీత తన స్వయంవరం గురించి తన నోటితో చెప్పేది అక్కడే. శకుంతల చెలికత్తెల్లో ప్రియంవద మాటకారి అయితే, ముందువెనకలు ఆలోచించేది అనసూయ.

మన దగ్గర ఈ పేరుకి కొదవ లేదు. జానపద గేయాలు సేకరించి పాడిన వింజమూరి అనసూయాదేవి (1920–2019), జిల్లెళ్ళమూడి అమ్మ, ములుగు ఎమ్మెల్యే సీతక్క (అసలు పేరు దనసరి అనసూయ). అటు అహ్మదాబాదులో 1918 మిల్లు కార్మికుల సమ్మెలో ముందు నిలిచిన అనసూయా సారాభాయి.

అమ్మమ్మల పేరా అంటే, అవును. పేర్లవారీ లెక్క మన ప్రభుత్వం ఏటా వెలువరించదు. మీ ఊరి ఓటర్ల జాబితా తీసి చూడండి, పేరు కిందే వయసు ఉంటుంది. ‘అనసూయమ్మ’లు ఏ వయసు దగ్గర గుమిగూడారో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. పాప క్లాసులో ఇంకో అనసూయ ఉండకపోవచ్చు. అది లాభమే అంటాను.

రిజిస్టర్_గది

ముందు గడువు సంగతి. 21 రోజులు పుట్టుక నమోదుకి, పేరుకి కాదు. ఆసుపత్రిలో పుడితే ఆ సమాచారం ఆసుపత్రే పంపుతుంది. పేరు గడి ఖాళీగా ఉన్నా నమోదు అవుతుంది. ఏడాది లోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ దాకా చేర్పించుకోవచ్చు. కంగారుపడి తప్పు రాయించుకోకండి.

ఈ పేరు మూడు చోట్ల చెడుతుంది.

మొదటిది ‘అనుసూయ’. నోట్లో ‘న’ నలిగి ‘ను’ అవుతుంది, గుమాస్తా విన్నట్టే రాస్తాడు. హిందీలో, తమిళంలో ఆ రూపం బాగా వాడుకలో ఉంది. ‘అను’ చేరిస్తే ‘లేని’ అన్న అర్థమే పోతుంది.

రెండోది ‘అనసుయ’. ఇంగ్లీషులో కొడితే కంప్యూటరు తెలుగులోకి మార్చేటప్పుడు దీర్ఘం ఎగిరిపోతుంది. తుది ప్రింటుకి ముందు ‘సూ’ చూసుకోండి.

మూడోది అసలు ప్రమాదం: ‘న’ ఎగిరిపోతే ‘అసూయ’!

ఇంగ్లీషులో ఏ-ఎన్-ఏ-ఎస్-యు-వై-ఏ చాలు. సంఖ్యాశాస్త్రం కోసం ‘ఓ’లు రెండు, చివర ఇంకో ‘ఏ’ తగిలించారంటే ఆధార్‌లో ఒకటి, పదో తరగతి మెమోలో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి అవుతాయి. సర్టిఫికెట్‌లో తప్పు పడితే దిద్దించుకోవచ్చు, కానీ రిజిస్టర్లో పాత రాత చెరపరు, మార్జిన్‌లో సవరణ రాస్తారు. అందుకే పేరు తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెప్పకండి.

గుంటూరు_నాన్న

చాలా థాంక్సండీ. ఇంట్లో ‘అనూ’ అని పిలుచుకోవచ్చా?

పదాల_పెట్టె

పిలుచుకోండి, హాయిగా. బడిలో వేసేటప్పుడు మాత్రం అప్లికేషన్‌లో ‘అను’ అని రాయకండి. ‘అనుసూయ’ మొదలయ్యేది అక్కడే.