కాగితం మ్యాపుతో అప్పటికప్పుడు బయలుదేరడం చాదస్తమా?

జయపురం మాస్టారు: శనివారం తెల్లారగానే నలుగురం కారులో ఒడిశాలోని దుడుమ జలపాతానికి పోదామనుకుంటున్నాం. సెమిలిగుడ, నందపూర్ మీదుగా. బుకింగులు లేవు, ఫోన్లు జేబులోనే. పాత రోడ్డు మ్యాపు, కొండల ఎత్తులు చూపే సర్వే ఆఫ్ ఇండియా షీటు చాలవా?

బుల్లెట్ బాబు: మీ పాత మ్యాపులో హైవే 43 అని ఉంటుంది. బోర్డుల మీద 26. మొదటి కూడలికే చిత్తు.

మాస్టారు: నంబరు 2010లో మారింది, రోడ్డు లేచి ఎక్కడికీ పోలేదు. 1:50,000 షీటులో కిలోమీటరంటే రెండు సెంటీమీటర్లు. ఎత్తు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటే అక్కడ ఘాటు నిటారుగా ఉన్నట్టు. ఫోను "గంటన్నర" అంటుంది, ఎందుకో చెప్పదు. నందపూర్ దాటాక మా ఫోన్లకు సిగ్నలే ఉండదు.

కొరాపుట్ కుర్రాడు: ఆఫ్‌లైన్ మ్యాపు దించుకోండి, అయిపోయె.

బుల్లెట్ బాబు: 43 సంగతి తేల్చలేదు. చిత్రకొండ వైపు చూడండి. బలిమెల జలాశయం మీద గురుప్రియ వంతెన 2018లో తెరిచారు. మీ మ్యాపులో అక్కడ నీళ్లే! మా బాబాయి మధ్యాహ్నం భోంచేసి బయలుదేరి, ఇలాంటి కాగితమే పట్టుకుని రాత్రిదాకా మమ్మల్ని ఘాటులో తిప్పాడు. పాప ఆకలికి ఏడుస్తూనే ఉంది.

మాస్టారు: మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా బయలుదేరితే రాత్రి కాక ఏమవుతుంది? తప్పు కాగితానిదా?

బుల్లెట్ బాబు: మా ఇంటి సంగతి మీకెందుకండీ?

మాస్టారు: తెచ్చింది నువ్వే కదా బాబూ.

రాయగడ లక్ష్మి: ఇద్దరూ ఆపండి. మ్యాపు ఎప్పుడూ ముందు సీట్లో మగాళ్ల చేతిలోనే. ఎక్కడ ఆగాలో, ఎటు తిరగాలో వాళ్లిష్టం. "దారిలో చూసుకుందాం" అంటే మీకు సరదా. బాత్రూం కోసం గంటల తరబడి బిగబట్టుకుని కూర్చునేది వెనక సీటు. నాకు బుకింగ్ కావాలనేది అందుకే, ఫోను మీద మోజుతో కాదు.

మాస్టారు: అమ్మా, మేం వెళ్లేది నలుగురం మగవాళ్లమే.

రాయగడ లక్ష్మి: ఆ ముక్క మొదట్లోనే రాయొచ్చుగా మాస్టారూ. అందరికీ పనికొచ్చే పద్ధతిలా అడిగారు. మీ ఇంట్లోవాళ్లని ఎందుకు తీసుకెళ్లడం లేదో?

మాస్టారు: వాళ్లు రామన్నారు.

రాయగడ లక్ష్మి: ఎందుకు రామన్నారో అడిగారా?

కొరాపుట్ కుర్రాడు: 😄

బుల్లెట్ బాబు: అక్కా, అదీ మాట. అయినా 43 కాదు, 26.

గుణుపూర్ శీను: ఆ షీటు ఎక్కడ దొరుకుతుంది?

మాస్టారు: సర్వే ఆఫ్ ఇండియా సైటులో చూడు. పాత షీటు నంబర్లలో 65 జె కింద వస్తుంది.